తెల్ల చొక్కా ఎవరు ఉతికారు?

(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ టీచర్ జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి. రాజకీయాల్లో, ఉద్యమాల్లో ఉండే మనిషి ఎలా కనిపించాలి, ఏం కట్టుకోవాలి అని. ఐదింటికీ కలిపి ఈ సంచికలోనే రాస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నాకు 24 ఏళ్లు. మా ఊరి చెరువు శిఖం (నీళ్లు నిలిచే) భూమి ఆక్రమణ మీద రెండేళ్లుగా కొట్లాడుతున్నాం. నేనెప్పుడూ జీన్స్, టీషర్టులోనే ఉంటాను. ఇప్పుడు వార్డు మెంబరుగా నిలబడమంటున్నారు. నాలుగు జతల తెల్ల బట్టలు కుట్టించుకో, గడ్డం తీసెయ్, కండువా లేకుండా గడప దాటకు అని మా మేనమామ ఒకటే పోరు. ఒక్కసారిగా వేషం మారిస్తే ఇన్నాళ్లు నాతో నడిచినవాళ్లను మోసం చేసినట్టు కాదా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: నాయనా, తెల్ల బట్టల గురించి అడిగావు కాబట్టి నాకు తెలిసిన చోటి నుంచే మొదలుపెడతాను. మాది రజక కుటుంబం, జనగామ దగ్గర పల్లె. అమ్మ రేవుకు పోయేది. బాపు జనగామలో ఇస్త్రీ డబ్బా పెట్టుకున్నాడు. నా చిన్నతనంలో, 1970లలో, ఆ చుట్టుపక్కల పేరున్న ఒక నాయకుడి బట్టలు మా ఇంటికే వచ్చేవి. వారానికి పద్నాలుగు లాల్చీలు, ఏడు పంచెలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మార్చేవాడాయన.

ఆ తెలుపు ఊరికే రాదు. ముందు చౌడు నీళ్లలో నానబెట్టాలి. బానలో ఉడకబెట్టాలి. బండ మీద బాదాలి. మూడు నీళ్లు మార్చాక నీలిమందు కలిపిన నీళ్లలో ముంచాలి. నీలిమందు చిటికెడు ఎక్కువైతే బట్ట మీద నీలి చారలు తేలతాయి, తగ్గితే పసుపు ఛాయ మిగులుతుంది. ఆ తర్వాత గంజి, ఆరేయడం, నీళ్లు చల్లి చుట్టి పెట్టడం, బొగ్గుల ఇస్త్రీ. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి మెడ లోపలి వైపు జీడిగింజ రసంతో అమ్మ గుర్తు పెట్టేది. ఆ నాయకుడి గుర్తు మూడు చుక్కలు. ఆయన బజార్లో మీటింగు పెట్టి చెయ్యెత్తి పేదల గురించి మాట్లాడుతుంటే జనం ఆయన ముఖం చూసేవాళ్లు. నాకు మాత్రం ఆ మెడ కింద దాగిన మూడు చుక్కలే కళ్ల ముందు ఆడేవి. ఆ ఇంటి నుంచి ఏడాదికి రావలసిన గింజలు ఏ ఏడూ పూర్తిగా రాలేదు.

ఈ కోపం నాలో ఇప్పటికీ ఉంది. అయినా తెలుపు మీద నాకు కోపం లేదు. ఆ తెలుపు రాజకీయాల్లోకి ఎలా వచ్చిందో చూడు. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ లాల్చీ, టోపీ తీసేసి కొల్లాయి కట్టుకున్నాడు. ఒంటినిండా ఖద్దరు కొనుక్కునే స్తోమత లేని పేదవాడికి ఖద్దరు కట్టుకో అని ఎట్లా చెప్పగలను అన్నదే ఆయన బాధ. ఆయనకు ఆ గుడ్డ రంగు ముఖ్యం కాదు, అది ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది ముఖ్యం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ల మధ్య పత్తి పోచలు చక్కబడతాయి. అక్కడ వడికే నూలు నూరో నంబరు దాకా, అంత సన్నగా, పోతుంది. అలాంటి గుడ్డ ఒంటి మీద వేసుకుంటే దూది ఏకిన ఆడమనిషిని కూడా వెంట తీసుకెళ్తున్నట్టే. టెర్రీకాటన్ తెలుపు వచ్చాక ఆ సంబంధం తెగిపోయింది. తెలుపు మిగిలింది, చెయ్యి పోయింది.

అందుకని నీకు నేను చెప్పేది ఇదీ. బట్ట మార్చుకోవడం మోసం కాదు. చావు ఇంటికి పోతే ఒకలా, పెళ్లికి పోతే ఒకలా పోతాం కదా. ఊళ్లో ముసలివాళ్ల దగ్గరికి ఓటు అడగడానికి ఉతికిన చొక్కా వేసుకుని పోతే వాళ్లకు గౌరవం ఇచ్చినట్టే. కానీ నాలుగు జతల తెలుపు వద్దు. రోజూ తెల్లగా ఉండాలంటే నీ ఇంట్లో ఎవరో ఒకరు రోజూ గంట సేపు దాని మీద కూర్చోవాలి. అది మీ అమ్మే అవుతుంది, రేపు నీ భార్య అవుతుంది. నీ చేతులతో నువ్వు ఉతుక్కుని ఇస్త్రీ చేసుకోగలిగిన బట్ట ఏదైతే అదే వేసుకో. శిఖం భూమి కొలతలకు పోయిన రోజు జీన్స్‌కు బురద అంటిందా, ఆ బురదతోనే ఇంటింటికీ పో. 2003 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు ఆ తెల్ల పంచెకట్టుకు జనంలో అంత విలువ వచ్చిందంటే, ఎండలో రెండు నెలలకు పైగా నడుస్తూ దుమ్ముపట్టిన పంచె వాళ్ల కళ్లతో వాళ్లు చూశారు కాబట్టి. ఆ తర్వాత అదే పంచె కట్టి ఏసీ కారు దిగినవాళ్లు చాలామంది వచ్చారు. వాళ్ల పంచెలు ఎవరికీ గుర్తులేవు.

గడ్డం నీ ఇష్టం. కండువా మాత్రం ఒక్కటి చాలు. ఎన్నికలొస్తే సిరిసిల్ల మరమగ్గాల మీద అన్ని పార్టీల రంగులూ ఒకే షెడ్డులో నేస్తారు. పసుపు, గులాబీ, కాషాయం, ఎరుపు, మువ్వన్నెలు, అన్నీ ఒకే కార్మికుడి చేతిలోంచి వస్తాయి. వీలుంటే ఒకసారి అక్కడికి పోయి ఆ మనిషితో మాట్లాడి రా. కండువా మెడలో వేసుకునే ముందు అది అవసరం.

ప్రశ్న: నమస్కారమండీ. మా నాన్నగారు ఎన్టీఆర్ వీరాభిమాని. ఆయన ఖాకీ బట్టలు, తర్వాత కాషాయం చూసి దేవుడే దిగొచ్చాడనుకున్నామని ఇప్పటికీ చెబుతారు. మా అబ్బాయేమో అదంతా సినిమా మేకప్ అంటాడు. ఇద్దరి మధ్య నేను నలుగుతున్నాను. మీరేమంటారు?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, ఖాకీనీ కాషాయాన్నీ ఒక గాటన కట్టకండి. రెండూ రెండు వేరే మాటలు చెప్పాయి.

1982 మార్చి 29న పార్టీ ప్రకటించినప్పటి నుంచి 1983 జనవరి ఎన్నికల దాకా, తొమ్మిది నెలలు ఆయన పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని ఊరూరా తిరిగారు. కొడుకు హరికృష్ణ బండి నడిపారు. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం, ఆ బండిలోనే నిద్ర. ఒంటి మీద ఖాకీ. అప్పటికి ముప్పై ఏళ్లుగా తెర మీద పట్టుపంచెలో, కిరీటంలో చూసిన మనిషి లారీ డ్రైవరు బట్టలో కనబడ్డాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. బస్టాండులో ఆయన ఖాకీ ఫోటో చూసి మా అమ్మ అన్న మాట నాకు బాగా గుర్తు: “ఖాకీ తొందరగా మాయదు బిడ్డా, దుమ్ములో తిరిగేటోడే ఖాకీ తొడుగుతడు.” ఉతికే మనిషి చూపు అది. ఆమె ఆ చొక్కాలో దేవుణ్ని చూడలేదు, పని చేసే మనిషిని చూసింది. ఆ ఏడు ఓటు కూడా అటే వేసింది. మీ నాన్నగారి మాటలో నిజం ఉంది. ఆయన దాన్ని దేవుడన్నారు, మా అమ్మ డ్రైవరంది.

కాషాయం ముఖ్యమంత్రి అయ్యాక వచ్చింది. తలపాగాతో సహా. అధికారంలో ఉన్న మనిషి సన్యాసి బట్ట కట్టుకోవడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అంత మాత్రాన అదంతా మేకప్ అని మీ అబ్బాయి తీసిపారేయడం కూడా సరికాదు. కాషాయానికి మన దగ్గర వేరే చరిత్ర కూడా ఉంది. చీరాల మీకు దగ్గరే. చీరాల-పేరాలను మున్సిపాలిటీ చేసి పన్నులు వేస్తే, ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య 1921లో జనాన్ని కూడగట్టాడు. జనం ఇళ్లు వదిలి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు ఉన్నారు. ఆయన రామదండు వాలంటీర్లు కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట కుంకుమతో తిరిగేవాళ్లు. పన్ను కట్టనన్నందుకు జైలుకు పోయిన పల్లె జనానికి, విడిది పాకల్లో వంతులు వేసుకుని కావలి కాసిన కుర్రాళ్లకు ఆ కాషాయం ఒక ధైర్యం. వాళ్ల దగ్గర అధికారం లేదు, పాకలే ఉన్నాయి. మీ అబ్బాయిని ఒక ఆదివారం చీరాల తీసుకెళ్లండి. తాతగారినీ తీసుకెళ్లండి.

ప్రశ్న: మేడమ్, ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతికి, మా పేటలో కుర్రాళ్లం కోటు, టై కట్టుకుని ఊరేగింపు తీశాం. మండే ఎండలో కోటేంట్రా, మీకు మన బట్టలు పనికిరావా అని పక్క వీధివాళ్లు నవ్వారు. ఇంగ్లీషోళ్ల బట్ట కట్టుకుని స్వాతంత్ర్యం గురించి మాట్లాడటం తప్పా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు దగ్గర

జవాబు: తప్పు కాదు బాబూ. వచ్చే ఏడాది కూడా కట్టుకోండి. నీళ్ల సీసాలు వెంట పెట్టుకోండి, ఎండ మాత్రం నిజమే.

పైన గాంధీ బట్ట విప్పడం గురించి రాశాను. దాని పక్కనే ఇంకో సంగతి పెట్టి చూడు. మదురై సంఘటన జరిగిన ఆరేళ్లకు, 1927 డిసెంబరులో, మహారాష్ట్రలోని మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో మాట్లాడాడు. మిగతా కులాల ఆడవాళ్లు కట్టినట్టే చీర నిండుగా కట్టండి, మీ కులాన్ని దూరం నుంచే చెప్పేసే ఆ బరువు నగలు వదిలేయండి అన్నది ఆయన మాట. ఒకాయన ఒంటి మీది గుడ్డ తగ్గించుకుని పేదవాడికి దగ్గరయ్యాడు. ఇంకొకాయన, అసలు నిండు గుడ్డ కట్టనివ్వని జనంతో నిండుగా కట్టుకోమన్నాడు. విప్పడానికి ముందు ఉండాలి కదా. లేనివాడికి విప్పడంలో త్యాగం ఏముంటుంది?

మా వైపు దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు కాళ్ల చెప్పులు చేతిలోకి రావాలి, తలగుడ్డ చంకలోకి పోవాలి. మా తాత అట్లా నడిచినవాడే. ఊరందరి బట్ట మడత నలగకుండా తెచ్చి ఇచ్చేవాళ్లం. మేం మాత్రం ఇస్త్రీ బట్ట కడితే “చాకలోడికి సోకు” అనేవాళ్లు. నేను టీచరుగా మొదటి రోజు బడికి గంజిపెట్టిన చీర కట్టుకుని పోయాను. బాపు స్వయంగా ఇస్త్రీ చేశాడు. మడత పెడుతూ ఆయన ఏడ్చాడు. ఎందుకు బాపూ అంటే, ఇన్నేళ్లలో ఇంటి మనిషి కోసం ఇస్త్రీ పెట్టె పట్టడం ఇదే మొదటిసారి అన్నాడు. అందుకే మీ కోటు నాకు అర్థమవుతుంది.

హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహాలు రెండూ 125 అడుగుల ఎత్తు. రెండింటిలోనూ ఆయన కోటులోనే ఉన్నాడు. పల్లెల్లో చందాలు వేసుకుని పెట్టుకున్న చిన్న సిమెంటు విగ్రహాలకైతే నీలం కోటు, ఎర్ర టై, చేతిలో పుస్తకం. కొన్ని వంకరగా ఉంటాయి, ముఖం పోలిక కూడా ఉండదు. అయినా కోటు గుండీలు మాత్రం లెక్కతో సహా ఉంటాయి. ఆ గుండీలు దిద్దినవాడికి అవి ఎందుకు ముఖ్యమో మీ పక్క వీధి పిల్లలకు కోపం లేకుండా చెప్పి చూడండి. వినేవాడు ఒక్కడైనా ఉంటాడు.

ప్రశ్న: అక్కా, నేను సర్పంచ్‌ని. మండల మీటింగుకు చుడీదార్‌తో వెళ్తే “ప్రజాప్రతినిధిలా లేవు” అన్నారు. మంచి చీర కట్టుకుంటే “ఎవరి డబ్బో” అన్నారు. ముతక చీర కట్టుకుంటే ఆఫీసులో కుర్చీ చూపించలేదు. మగ సర్పంచులకు ఈ బాధ లేదు. ఏం కట్టుకోమంటారు?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం చదివి రెండు రోజులు మనసు బాగాలేదు. రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు స్త్రీలవి. సీటు ఇచ్చారు, బట్ట గురించి పరీక్ష మాత్రం ఎత్తెయ్యలేదు. తెల్ల చొక్కా వేసుకుంటే మగవాడికి చాలు. ఆడమనిషికి అలాంటి ఒక్క బట్ట ఇంకా పుట్టలేదు.

స్త్రీని ఉద్యమానికి గుర్తుగా నిలబెట్టేటప్పుడు ఆమె చీర రంగు, నగలు అన్నీ మగవాళ్లే వాదించుకుంటారు. తెలంగాణ తల్లినే చూడు. ఉద్యమ కాలపు విగ్రహంలో తల మీద కిరీటం, చేతిలో బతుకమ్మ ఉండేవి. 2024 డిసెంబరు 9న సచివాలయంలో పెట్టిన విగ్రహంలో కిరీటం లేదు, బతుకమ్మ లేదు. ఆకుపచ్చ చీర, మెడలో కంటె, చేతిలో వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న కంకులు. దాని మీద ఎంత రగడ జరిగిందో మీ దాకా కూడా వచ్చే ఉంటుంది. కిరీటం లేని తల్లి నాకు నచ్చింది, మా అమ్మ లాగే ఉంది. కానీ బతుకమ్మ లేకపోవడం నాకు బాధే. పూలు పేర్చే చేయి, కోత కోసే చేయి ఒకే ఆడదానివి. ఒకటి ఉంచి ఒకటి తీయడమేంటి?

మాకు దగ్గరి మనిషి చాకలి ఐలమ్మ. పాలకుర్తిలో కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన మనిషి. ఇప్పుడు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరే. ఆమె బొమ్మల్లో కొంగు నడుముకు బిగించి ఉంటుంది. అది ఎవరో శిల్పి ఊహించి పెట్టిన అలంకారం అనుకోకు. రేవులో దిగే ఏ ఆడమనిషైనా కొంగు అట్లాగే దోపుకుంటుంది. నీళ్లలో వంగినప్పుడు అడ్డం రాకుండా. మా అమ్మా అంతే. మల్లు స్వరాజ్యం తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలతో తిరిగింది, తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచి చీరలోనే అసెంబ్లీకి పోయింది. ఎక్కడ ఏ పని ఉందో దానికి తగిన బట్ట.

మీ పక్క జిల్లాలోనే అమరావతి రైతు మహిళలు 2019 డిసెంబరు నుంచి ఏళ్ల తరబడి దీక్షల్లో కూర్చున్నారు. ఇంట్లో కట్టుకునే చీరల మీదే ఆకుపచ్చ కండువా వేసుకున్నారు. 2021 నవంబరులో తుళ్లూరు నుంచి తిరుపతికి అలాగే నడిచారు. ఎవరి చీర వాళ్లదే, ఆ ఒక్క మూర ఆకుపచ్చ అందరినీ కలిపింది. దాని నుంచి నీకు ఒక ఉపాయం చెప్తాను. చుడీదారో, చీరో, నీకు బండి మీద తిరగడానికి ఏది వీలైతే అది కట్టుకో. దాని మీద ప్రతిసారీ ఒకటే గుర్తు ఉంచు. ఒక రంగు శాలువా కావచ్చు, మీ ఊరి పేరున్న సంచి కావచ్చు. నాలుగు మీటింగులయ్యాక నిన్ను దాంతోనే గుర్తుపడతారు. ఇక కుర్చీ సంగతి. అది బట్టతో రాదు. నీ పేరున్న తీర్మానం పుస్తకం ముందు పెట్టి, నిలబడే ఉండి, “కుర్చీ వేయించండి, సంతకం పెడతాను” అని అడుగు. మొదటిసారి గొంతు వణుకుతుంది. నాకూ వణికింది.

ప్రశ్న: అమ్మమ్మా, మేం కురుమలం. మా తాత గొర్లు కాస్తడు. గద్దర్ సారు గొంగడి వేసుకుని పాడేవాడని బడిలో చెప్పారు. ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు స్టేజీ మీద గొంగడి కప్పించుకుని ఫోటో దిగుతున్నారు. మా తాతకేమో అది నచ్చదు. ఎవరిది కరెక్టు?
– తొమ్మిదో తరగతి, నారాయణపేట జిల్లా

జవాబు: మీ తాతకు ముందు నా దండం చెప్పు బిడ్డా.

గద్దర్ భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్రతో పాడేవాడు. 1970లలో జననాట్యమండలితో మొదలైన ఆ రూపం 2023 ఆగస్టులో ఆయన పోయేదాకా జనం కళ్లలో ఉంది. ఒగ్గు కథలు, వీధి భాగోతాలు చూసిన జనానికి ఆయన కొత్తవాడిలా అనిపించలేదు, ఇంటి మనిషిలా అనిపించాడు. 1997లో ఒంట్లో తూటాలు దిగాక కూడా వెన్నులో ఒక తూటా ఉంచుకునే గజ్జె కట్టాడు. అందుకే ఆ గొంగడి ఆయన భుజాన నిలిచింది. అయినా అది మొదట మీ తాతది. నల్ల గొర్రె ఉన్ని కత్తిరించి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తే గాని గొంగడి కాదు. వాన, చలి, ఎండ మూడింటికీ అదే గొడుగు, అదే పరుపు.

నేను చిన్నప్పుడు ఒక మాటు మా అమ్మను గొంగడి ఎందుకు ఉతకవని అడిగాను. నీళ్లు తాగితే ఇద్దరు మోయలేనంత బరువవుతుంది, ఊరికే బాదితే ఉన్ని ముద్ద కడుతుంది, అది కాపరే చూసుకోవాలి అంది. స్టేజీ మీద కప్పిన గొంగళ్లు ఆ తర్వాత ఎక్కడికి పోతాయో మీ తాతకు తెలుసేమో అడుగు. తన గొంగడి నేసింది ఎవరో, ఎన్ని రోజులు పట్టిందో, ఎన్ని గొర్ల ఉన్ని పోయిందో కూడా ఆయన చెప్తుంటే రాసి నాకు పంపు. వచ్చే సంచికలో ఈ పేజీలో నీ పేరు కింద అదే వేస్తాం.